జానతో కొలిచిన ఇల్లు

"గింత పెద్ద మెట్లా? ఎక్కాలంటె నిచ్చెన కావాలె," అంటూ లచ్చమ్మ చెక్క ముక్కను వేళ్లతో తడిమి పక్కన పెట్టేసింది.

కొండల్ తల గోక్కున్నాడు. తప్పు చెక్క కోసే మిషన్‌ది కాదు. మెట్టు ఎత్తు జానెడు అని తల్లి చెబితే, అతను తన జానను టేపుతో కొలిచి, పదో వంతుకు కుదించి కంప్యూటర్‌లో వేశాడు. కంప్యూటర్‌కు మిల్లీమీటర్లు తప్ప జానలూ బెత్తెలూ తెలియవు, పాపం.

"నీ జాన గాదు కొడుకా, నా జాన," అని లచ్చమ్మ చెయ్యి చాపింది. ఆ బక్కచేతిని కొలిస్తే అతని చేతికన్నా రెండంగుళాలు తక్కువ వచ్చింది. మెట్లు మళ్లీ కోయక తప్పలేదు.

బడంగ్‌పేట్‌లోని కిరాయి ఇంట్లో, రేకుల వరండా కింద ఆ మిషన్‌ను నిలబెట్టడానికి కొండల్‌కు ఎనిమిది నెలల ఆదివారాలు పట్టాయి. పాడైన ప్రింటర్ల మోటార్లనూ వాటి ఉక్కు కడ్డీలనూ పహాడీ షరీఫ్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో ఏరుకొచ్చాడు. టేబుల్ సొరుగుల పట్టాలు, పాత కంప్యూటర్‌లోని కరెంటు డబ్బా, వడ్రంగి మహేష్ పారేస్తానంటే అడిగి తెచ్చుకున్న చిన్న కోత మోటారు, అన్నీ కలిసి ఒకే బల్ల మీద కాపురం పెట్టాయి. కంప్యూటర్‌లో గీత గీస్తే, తిరిగే ములుకు ఆ గీత వెంబడే పోయి చెక్కను కోయాలి. మొదటి నెలంతా అది సున్నా కోయమంటే కోడిగుడ్డు కోసింది. కొండల్ దాన్ని బతిమాలాడు, తిట్టాడు, మరలు బిగించాడు. చివరికి దారికొచ్చింది.

ఇదంతా తల్లి అన్న ఒక్క మాట కోసం. కంటి నరం ఎండిపోతోందనీ, మిగిలిన చూపు ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ పోయినేడు దవాఖానలో డాక్టరు అన్నాడు. ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు లచ్చమ్మ కంటి ఊసే ఎత్తలేదు.

"ఆ ఇల్లొక్కటి మళ్ల చూడాలని ఉండె," అంది.

చూడ్డానికి ఇల్లేది? విమానాశ్రయం కోసం తమ ఊరు ఖాళీ చేసేనాటికి కొండల్‌కు మూడేళ్లు. ఇళ్లున్న చోట ఇప్పుడు రన్‌వే ఉంది. అతను రోజూ అక్కడికే, ప్రయాణికుల సామాన్లు మోసే బెల్టులు బాగుచేసే పనికి పోతాడు. పాత ఇంటి ఫోటో ఒక్కటీ లేదు. కళ్లతో కాకపోయినా వేళ్లతోనైనా చూస్తుందని, చెక్కలో ఆ ఇల్లు కట్టడానికి పూనుకున్నాడు.

కడుతున్న కొద్దీ అతనికి ఇంకో ఆశ పుట్టింది. తండ్రి జంగయ్య పోయి నాలుగేళ్లయింది. ఆయన బతికుండగా అమ్మా బాపూ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం కొండల్ ఎన్నడూ చూడలేదు. అన్నం పెట్టు, నీళ్లు తోడిన, అంతే. తాను ప్రేమ లేని ఇంట్లో పుట్టానేమోనన్న దిగులు ఎవరికీ చెప్పకుండా మోస్తూ వచ్చాడు. ఇప్పుడు అమ్మ ఒక్కో కొలతా చెబుతుంటే ఆ దిగులు కరిగిపోతోంది.

అరుగు పొడవు అడిగిన రోజు లచ్చమ్మ నేల మీద జానలు వేసి చూపించింది. తరువాత, "ఆయన గీ అరుగు మీదనే కూసోని తాళ్లు పేనుతుండె. నేను కనబడితె పేనుడు ఆపి ఊకెనే నవ్వుతుండె," అంది.

బాపు నవ్వేవాడా! కొండల్ అరుగు కొలతను రెండుసార్లు రాసుకున్నాడు. అమ్మ పదిసార్లు ఆయన, ఆయన అనడమే గాని పేరెత్తదు. ఆ కాలపు ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు కదా. దవాఖానలో చీటీ రాసే అమ్మాయి భర్త పేరడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకు వైపు చూసింది. అతనే జంగయ్య అని రాయించాడు.

కిటికీ ఎంత ఎత్తంటే, తాను మునివేళ్ల మీద నిలబడితే లోపలికి కనబడేంత అని చెప్పింది. గదుల కొలతలు అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపింది. లోపలివి వద్దు, గడప దాకా చాలంది. మిషన్‌కు పని తగ్గిందని కొండల్ సంతోషించాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అతికించిన ఇంటిని తెచ్చి తల్లి ఒడిలో పెట్టాడు. లచ్చమ్మ వేళ్లు మెట్లెక్కాయి. అరుగు మీద ఆగిపోయాయి. కళ్లనీళ్లు జారుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకపోయింది. ఆమెను అంత సంతోషంగా, అంత బాధగా కొండల్ ఎప్పుడూ చూడలేదు. కాసేపటికి ఆమె వేలు దర్వాజ పైకి పాకి, నున్నటి చెక్క మీద వెతుక్కుంది.

"ఈడ పేరు ఉండాలె కొడుకా. మోజు పడి చెక్కిచ్చుకున్నడు."

కొండల్ హుషారుగా సన్నటి పట్టీ ఒకటి మిషన్‌కు బిగించి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. 'జం' అని కొట్టాక అతనికి అల్లరి బుద్ధి పుట్టింది.

"ఏం పేరో నాకేం ఎరుక? నువ్వే చెప్పు. ఒక్కసారి నీ నోటెంట విందం," అన్నాడు. కొంగు అడ్డం పెట్టుకుని సిగ్గుపడే తల్లిని చూడాలని వెనక్కి తిరిగాడు.

"కుర్మయ్య," అంది లచ్చమ్మ, కొంగు ముట్టుకోకుండానే.