నూనె తేలిన బ్యాచ్

“మణీ, ఏందమ్మా ఇది? పొడి కట్టాల్సిన చోట నూనె తేలి ఉండాది” అన్నాడు సూపర్‌వైజర్ మునస్వామి, రియాక్టర్ అద్దంలోకి తొంగిచూస్తా.

కృపామణి తల ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతుంది? మందు కరిగిన ద్రవాన్ని నిదానంగా చల్లార్చాలి. చన్నీళ్ల వాల్వు ఒక్కసారిగా తిప్పేస్తే పొడి కట్టకుండా జిడ్డుగా విడిపోతుంది. తిప్పింది ఆమే, తెలిసి తెలిసీ.

ఏం చేస్తుంది పాపం! కొత్తగా పెళ్లయింది. ఈమెది పొద్దుటి షిఫ్టు, మొగుడు విజయ్ కుమార్‌ది అదే రియాక్టర్ మీద మధ్యాహ్నం షిఫ్టు. ఆయన ఇల్లు చేరేసరికి ఈమె నిద్ర, ఈమె బస్సెక్కేసరికి ఆయన నిద్ర. సెలవులూ వేరువేరు రోజులే. తనివితీరా మొగుడితో మాట్లాడాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది. ఆ మందుల ఫ్యాక్టరీలో ఒక కట్టుబాటుంది. బ్యాచ్ చెడితే దిగే షిఫ్టు, ఎక్కే షిఫ్టు ఇద్దరూ అది బాగయ్యేదాకా కదలకూడదు.

విజయ్ వచ్చాడు. సంగతి విని, చేతిలోని క్యారియర్‌ని బీరువా దగ్గర పెట్టి వచ్చాడు. మళ్లీ కాచి, తోడు వేసి, మెల్లగా చల్లార్చమన్నాడు మునస్వామి. తోడంటే పాత బ్యాచ్‌లోని మంచి పొడి, చిటికెడు. పాలల్లో మజ్జిగ చుక్కలాంటిది. అది పడితే పని తొందరగా తెములుతుంది. తీరా చూస్తే బీరువాలో తోడు సీసా లేదు.

“యాడ పోయిందబ్బా? సరే, అది లేకుండానే కానీండి, సాయంత్రందాకా పడతాది. ఇంకోసారి ఇట్లయితే మీలో ఒకర్ని చిత్తూరు యూనిట్‌కి పంపిస్తా” అన్నాడు మునస్వామి.

చిత్తూరు మాట వినగానే కృపామణి విజయ్ వైపు చూసింది. రోజూ షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర ఎదురుపడి చెప్పుకునే రెండు మాటలూ ఇక ఉండవు.

అయినా ఆ పూటంతా పక్కపక్కనే నిలబడ్డారు. అత్త మోకాలి నొప్పి, కారే మిద్దె, కొనాల్సిన మిక్సీ, ఎన్ని కబుర్లో! టీ ఒక్క కప్పులోనే తాగారు. క్యారియర్ విప్పమంటే మాత్రం ఆకలి లేదన్నాడు విజయ్. పొద్దు వాలేవేళకి అద్దంలో తెల్లగా పొడి మెరిసింది. అందరికీ సంతోషం, ఆమెకు ఏడుపు.

“బావా, ఆ వాల్వు నేనే తిప్పినా, నీకోసరం. పోయి మునస్వామన్నతో చెప్పేస్తా. నన్నే చిత్తూరికి పంపనీ.”

విజయ్ అటూఇటూ చూసి, క్యారియర్ అడుగు గిన్నె మూత తీశాడు.

పొద్దున ఆమె కట్టిపెట్టిన చిత్రాన్నంలో, మెడదాకా కూరుకుని, తోడు సీసా.