కల్నల్ మెప్పు

ఎవరో తలుపు తట్టారు. ఆ ఉలికిపాటుకి బ్లాగోయె చేతిలోని గుర్రం తోక పుటుక్కున విరిగింది.

వేలెడంత గుర్రం. దాని మీద కత్తి దూసిన సైనికుడు. అలాంటి దండు ఒకటి వంటింటి బల్లంతా ఆక్రమించుకుని ఉంది. బల్ల మీద చోటు దొరక్క భార్య స్మిల్యా కాల్చిన మిరపకాయల బేసిన్ ఒళ్ళో పెట్టుకుని తొక్కలు తీస్తోంది.

"ఆవిడే! కింది వాటా ఆవిడే!" పళ్ళు నూరాడు బ్లాగోయె.

"అయితే వెళ్ళి తియ్యి. నా చేతులకి కారం."

బ్లాగోయె చిరాకు ఊరికే కాదు. పాంచెవో ఊళ్ళో చిట్టి బొమ్మలకి రంగులేసేవాళ్ళకి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. ఏటా చలికాలం పోటీ. బొమ్మల్ని అతికించి, అచ్చు గీతలు కనపడకుండా గీకి, సబ్బుతో కడిగి, రంగు పట్టడానికి ప్రైమర్ అనే అడుగుపూత స్ప్రే డబ్బాతో కొట్టి ఇవాళ సాయంత్రంలోగా ఫోటో పెట్టాలి. పెట్టలేదా, ఈ ఏడు పోటీలో లేనట్టే. అసలు రంగులు రేపటినుంచి.

ఆ గ్రూపుకి పెద్ద తలకాయ కల్నల్. అది మారుపేరు. ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆయన బొమ్మల్ని చూసి నోరెళ్ళబెట్టనివాళ్ళూ లేరు. మెచ్చుకోవడం మాత్రం ఆయన ఇంటావంటా లేదు. కిందటేడు బ్లాగోయె పెట్టిన ఫోటో కింద, "గుర్రమని గుర్తుపట్టాను" అని రాశాడు. ఆ ముక్కకే బ్లాగోయె వారం రోజులు నేల మీద నడవలేదు.

ఈసారి దండుని బాల్కనీలో నిలబెట్టి తీసిన ఫోటో నిన్ననే గ్రూపులో పెట్టాడు. ఆయన చేత "బాగుంది" అనిపించుకోవాలి. ఇంకేం అక్కర్లేదు మనిషికి.

తలుపు తీశాడు. కోసారా. కిందటి నెలే దిగింది. డెబ్భై దాటిన మనిషి, మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నాయనా, నీ బొమ్మలు..."

"తెలుసు పిన్నిగారూ. మీరు ఆరేసిన దుప్పటి మీద నా డబ్బా నల్లచుక్కలు పడ్డాయి. అప్పుడే క్షమించమని అడిగాను కదా!"

"దుప్పటి సంగతి కాదయ్యా. ఆ బొమ్మలు..."

"వాసనొస్తోందా? కిటికీ వేసుకోండి."

"మాట పూర్తి చెయ్యనిస్తావా!"

గదిమి, ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. అతని భుజం మీదుగా మెడ చాచి బల్ల వంక చూసింది.

"ఇవన్నీ నువ్వే గీకావా?"

"గీకితే? ఆ చప్పుడు కూడా కిందికి వినపడుతోందా మీకు?"

"అబ్బ, కాదు! ఇవాళ మాత్రం ఆ స్ప్రే డబ్బా కొట్టకు. బయట మంచు చూశావా, ఈ తేమకి..."

"అదీ సంగతి! కొట్టొద్దని చెప్పడానికి ఇంత నాటకమా? నా బాల్కనీ, నా డబ్బా, నా ఇష్టం!"

ధడాలున తలుపేశాడు.

"పాపం, ఏదో చెప్పబోయింది," అంది స్మిల్యా.

"నీకు తెలీదు. జాలిపడితే నెత్తికెక్కుతారు."

గుర్రాలన్నిటినీ పట్టుకుని కొట్టడానికి వీలుగా సీసా బిరడాల మీద నిలబెట్టాడు. బిరడాలు కావాలి కాబట్టే వేసవంతా వైన్ తాగానని అతను అంటాడు. తాగాడు కాబట్టే బిరడాలు పోగయ్యాయని స్మిల్యా అంటుంది.

నది మీంచి లేచిన మంచు బాల్కనీ దాకా వచ్చింది. దాన్ని లెక్కచెయ్యకుండా ప్రైమర్ డబ్బా బాగా కుదిపి, బుస్సుమని కొట్టాడు. లోపలికి తెచ్చి దీపం కింద పెట్టాడు.

స్మిల్యా వంగి చూసింది.

"ఇవేంటి మహానుభావా, రొట్టెపొడిలో దొర్లించి వేపిన ముక్కల్లా ఉన్నాయి?"

నిజమే. మీదంతా గరుకు. సైనికుల మొహాలకి ఇసుక పట్టినట్టు పూత పలుకులు కట్టింది. బ్లాగోయెకి ఏడుపొక్కటే తక్కువ. ఫోటో పెడితే నలుగురూ నవ్వుతారు. పెట్టకపోతే పోటీ పోతుంది. ఇక కల్నల్ మెప్పు ఈ జన్మకి లేదు.

ఫోన్ తీసి, గుర్రాల ఫోటోతో సహా కల్నల్‌కి విడిగా మొరపెట్టుకున్నాడు.

"కల్నల్‌గారూ, మా కింది వాటాలో ఒక ముసలి దయ్యం దిగింది. పొద్దస్తమానం తలుపు బాదడమే పని. నా గుర్రం తోక విరగ్గొట్టింది. కొట్టొద్దు కొట్టొద్దని నోరు పెట్టింది, ఆ నోటి చలవ తగిలి దండంతా నాశనమైంది. ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తే తప్ప నేను బాగుపడను. పోటీ మానుకోనా? మీరే దిక్కు."

"కనీసం ఆ 'దయ్యం' తీసెయ్యవయ్యా," అంది స్మిల్యా.

"ఆయన మిలిటరీ మనిషి. ఉన్నమాట ఉన్నట్టు చెబితేనే నచ్చుతుంది."

పంపేశాడు. కల్నల్ చూసినట్టు గుర్తు వెంటనే వచ్చింది. జవాబు మాత్రం రాలేదు. బ్లాగోయె గది ఈ మూలనుంచి ఆ మూలకి తిరిగాడు.

చివరికి ఫోన్ మోగింది.

"పోటీ మానకు. ఆరాక మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దు, గరుకు పోతుంది. ఫోటో పెట్టు."

బ్లాగోయె ప్రాణం లేచొచ్చింది. అంతలో ఇంకో కబురు.

"గీకడం మాత్రం బాగుంది. ఇంత శుభ్రంగా గీకినవాణ్ణి ఈ ఊళ్ళో చూళ్ళేదు."

"బాగుందన్నాడే!" అని గెంతి, మిరపకాయల బేసిన్‌తో సహా భార్యని కావలించుకున్నాడు. "స్మిల్యా, కల్నల్ బాగుందన్నాడే!"

"ఉండవయ్యా, కారం!" అని విడిపించుకుని ఆవిడ ఫోన్ అందుకుంది. ఫోటో వంక చూసి నొసలు ముడిచింది.

"నువ్వు పంపినదాంట్లో అంతా ఇసుకే కదా. గీకడం బాగుందని ఆయనకెలా తెలిసింది?"

ఆవిడ చేతిలోనే ఫోన్ మళ్ళీ మోగింది. ఇద్దరూ తలలు ఆనించి చదివారు.

"నిన్న నువ్వు గ్రూపులో పెట్టిన ఫోటోలో మన బాల్కనీ ఊచలు గుర్తుపట్టి, ఆ ముక్క స్వయంగా చెబుదామనే ఇందాక మెట్లెక్కి వచ్చాను నాయనా, నువ్వే తలుపేసేశావు."