నీలం పెంకు

స్నానాల గదుల పలకలు అమ్మే దుకాణం వెనక పారేసిన ముక్కల్లోంచి ఒక నీలం పెంకు ఏరుకుని, టీ డికాషన్‌లో నానబెట్టి, ఇసుకతో రుద్దితే చాలు, దానికి నాలుగు వందల ఏళ్ల వయసు వచ్చేస్తుంది. ఆ నగరంలో ఈ విద్య గొడుగాయనకే తెలుసు. ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని యాత్రికులకు పాత కట్టడాలు చూపించే గైడు కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలిచేవారు.

ఆ ఉదయం పెంకు అతని జేబులో సిద్ధంగా ఉంది. దాన్ని మోయబోయే శాల్తీ కూడా దొరికింది. రోజంతా తనకొక్కడికే ఊరు చూపించమని మాట్లాడుకున్న నడివయసు మనిషి. భుజాన గుడ్డ సంచి, చేతికి తళతళలాడే వాచీ, ముఖాన చెరగని వెర్రి నవ్వు.

"మా తమ్ముడు కిందటేడు మీతోనే తిరిగాడండీ. వెళ్తే గొడుగాయనతోనే వెళ్లు, ఇంకెవరూ వద్దన్నాడు."

"మీ తమ్ముడుగారికి మనుషుల విలువ తెలుసన్నమాట," అన్నాడు గొడుగాయన. ఆ తమ్ముడెవరో అతనికి గుర్తు లేదు. గొర్రెల ముఖాలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

గడియార స్తంభం దగ్గర, దాన్ని కట్టించిన రాజుకు అసలు టైము చూడడమే రాదన్నాడు. పాత వంతెన దగ్గర, సున్నంలో కోడిగుడ్లు కలిపి కట్టారు గనక ఇప్పటికీ వాసన వస్తుందన్నాడు. ఆ మనిషి నిజంగానే వంగి రాయిని వాసన చూసి, అవునన్నట్టు తలూపాడు. గొడుగాయన మనసులోనే అతనికి గంగిరెద్దు అని పేరు పెట్టేశాడు. ఇలాంటివాడిని మోసం చేయకుండా వదిలేస్తే తన వృత్తికే చిన్నతనం అనుకున్నాడు.

కానీ జాగ్రత్తగా ఉండాలి. ఇంకొక్క ఫిర్యాదు వస్తే బ్యాడ్జీ పీకేస్తామని గైడ్ల ఆఫీసులో చెప్పేశారు. బ్యాడ్జీ పోతే అతని బతుక్కి మిగిలేది గొడుగొక్కటే. అందుకే తప్పు యాత్రికుడి చేతనే చేయించడం అతని పద్ధతి. తనే దొంగతనం చేశానని చెప్పుకోవడానికి ఎవడు ఆఫీసు మెట్లెక్కుతాడు?

చివరికి రాజభవనానికి వచ్చారు. పైఅంతస్తులో రాణిగారి గది, అద్దాల పెట్టెల్లో ఆవిడ దువ్వెనలు, భరిణెలు, అరచేయంత బంగారు అద్దం.

"ఈ పెట్టెలకు తాళాలెక్కడివండీ, తీగ చుట్టి వదిలేశారు," అని గొడుగాయన పైఅధికారులందరినీ కలిపి తిట్టాడు. "కింద గేటు దగ్గర ప్రతి సంచీ విప్పి చూస్తారు. ఇంత భవనానికీ అదొక్కటే తాళం. సరే, మీరు తీరిగ్గా చూస్తూండండి."

అతను పెరట్లోకి దిగాడు. కూలిన గోడ పక్కన, గడ్డిలో సగమే కనబడేలా పెంకును అమర్చాలి. ఆ పని తొందరపడితే కుదరదు. తిరిగి వచ్చేసరికి గంగిరెద్దు కిటికీ దగ్గర నిలబడి పావురాలను చూసి మురిసిపోతున్నాడు. రాణిగారి సొమ్ములు ఎదురుగా పెట్టుకుని పావురాలేమిటి, వీడి రసికత తగలెయ్య.

పెరట్లో పెంకు అనుకున్నట్టే కంటబడింది.

"అంతఃపురం గోడదండీ ఇది. కింద పడిందాన్ని తీసుకుంటే తప్పులేదు. సంచిలో వేసుకోండి."

"గేటు దగ్గర వెతుకుతారేమోనండీ." గంగిరెద్దు సంచిని గుండెలకు హత్తుకున్నాడు.

"ఆ వాచ్‌మన్ మన మనిషే. నేను గొడుగు మూసి నడిచానంటే నా వెనకొచ్చేవాళ్ల సంచి ముట్టుకోడు."

గొడుగు మూసి నడిచాడు. వాచ్‌మన్ ఆవులిస్తూ ముఖం అటు తిప్పుకున్నాడు.

వీధి మలుపులో గొడుగాయన బావమరిది కాచుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఎక్కడో సంపాదించిన కార్డు.

"పురావస్తు శాఖ. సంచిలో ఏముంది?"

మామూలుగా అయితే ఇక్కడ కాస్త రభస ఉంటుంది. గంగిరెద్దు ఆ శ్రమ కూడా ఇవ్వలేదు. సంచి విప్పమనకముందే తనే చెయ్యి పెట్టి పెంకు తీసి ఇచ్చి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. జైలు అనే మాట పూర్తి కాకముందే వాచీ విప్పి బావమరిది చేతిలో పెట్టాడు. పెద్దమనిషి, పోనివ్వండి అంటూ మధ్యలో దూరడానికి గొడుగాయనకు సందే దొరకలేదు.

"మా తమ్ముడు మీ గురించి చెప్పిందంతా నిజమేనండీ," అని గొడుగాయన రెండు చేతులూ పట్టుకుని, ఎదురొచ్చిన టాక్సీ ఎక్కేశాడు గంగిరెద్దు.

టీ కొట్టు దగ్గర బావాబావమరుదులు కడుపు పట్టుకుని నవ్వారు.

"ఇలాంటివాళ్లు ఇల్లెలా చేరతారు బావా?"

"దారి అడిగి చేరతారు. దారి తప్పించినా దణ్ణం పెడతారు."

బావమరిది వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇది ఆడటం లేదు బావా."

"కీ ఇచ్చి చూడరా."

"కీ తిరగడం లేదు. పిల్లలు ఆడుకునే వాచీలా ఉంది."

గొడుగాయన దాన్ని లాక్కుని తిప్పి చూస్తుండగా రాజభవనం వైపు ఈలలు వినిపించాయి. వాచ్‌మన్ టోపీ కూడా లేకుండా రొప్పుతూ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"రాణిగారి బంగారు అద్దం పోయింది. పోలీసులు వచ్చేశారు. గేటు దాటి ఎలా పోయిందో చెప్పమని నన్ను నిలదీస్తున్నారు."

"నీ గేటు, నీ కాపలా," అన్నాడు గొడుగాయన టీ ఊదుకుంటూ. "మధ్యలో మాకేమిటి సంబంధం?"

వాచ్‌మన్ బల్లకు ఆనించి ఉన్న ఎర్ర గొడుగు వంక చూశాడు.

"పొద్దుటి నుంచీ నేను చూడకుండా వదిలిన సంచి ఒక్కటే. అది మీ వెనకాల వచ్చింది."