ఆంజనమ్మ కూజా

కూజా లోపల కొత్త ఇటుకలా ఎర్రగా మెరిసిపోతోంది. అది చూసి రమీజా గుండె గుభేలుమంది.

మెరవడమే వచ్చిన చిక్కు. గంట కిందటి దాకా అది లోపల కాఫీగింజ రంగులో ఉండేది మరి!

చేత్తో చేసిన జపాన్ మట్టి టీ కూజా అది. గట్టిగా పట్టుకుంటే గుప్పిట్లో ఇమిడిపోతుంది. పిడి పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది. పిడి కింద చేసినాయన బొటనవేలి ముద్ర. ఈ దోహా ఊరు వదిలిపోతూ ఒక జపానావిడ దాన్ని ఆంజనమ్మ చేతిలో పెట్టి, సబ్బు తగలనివ్వనని ఒట్టు వేయించుకుంది. వేడినీళ్ళతోనే కడగాలి, మెత్తటి గుడ్డతో తుడవాలి, మూత తీసి ఆరబెట్టాలి. లోపల టీ మరక పేరుకునే కొద్దీ టీకి రుచి. మన దోసెల పెనంలాగే.

"నా కూజా జోలికొస్తే మాత్రం, ఈ ఇంట్లో మీరన్నా ఉండాల, నేనన్నా ఉండాల," అని ఆంజనమ్మ అందరికీ చెప్పేసింది. అన్నంత పనీ చేసే మనిషి. అదే జరిగితే తన గతేం కాను? రమీజా కూజాను మళ్ళీ వెలుతురులోకి తిప్పి చూసింది.

ఇవాళ శుక్రవారం. ఆంజనమ్మ కారు వెనక సీట్లో దర్జాగా కూర్చుని ఏషియన్ టౌన్‌లో సినిమాకి వెళ్ళింది. రమీజాకు డ్యూటీ లేదు. ఆంజనమ్మను సంతోషపెడదామని వంటింట్లో దూరింది. కూజాలో మరక కనబడింది. రాయచోటిలో వాళ్ళమ్మ పండక్కి ఇత్తడి బిందెలు తోమడం గుర్తొచ్చింది. సబ్బు తగలకూడదన్నారు గానీ, చింతపండు సబ్బు కాదు కదా! ఇంకేముంది, ఉప్పూ చింతపండూ వేసి, స్టీలు పీచు పట్టి ఒళ్ళు దాచుకోకుండా తోమేసింది.

ఆంజనమ్మను సినిమాకి దింపేసి, మంచినీళ్ళకొచ్చిన డ్రైవర్ నాగప్ప కూజాలోకి తొంగిచూశాడు.

"అయ్యయ్యో, ఏం పని ఇది రమీజమ్మా! ఆంజనమ్మ కంట పడితే మన కథ ఐపాయె!"

"మన కథేంటి? నువ్వేం చేశావ్?"

"దీని జత కప్పు పొద్దున నేనే పగలగొట్టినా. ఇంకా సెప్పలే."

ఇద్దరూ దొంగల్లా గుసగుసలాడుకున్నారు. మరక పోయిందనేగా బాధ, మళ్ళీ మరక పెడితే సరి! నాగప్ప సందు చివర కొట్టుకి పరుగెత్తి ఫ్లాస్కు నిండా కరక్ చాయ్ తెచ్చాడు. పాలు, పంచదార, ఏలకులు దట్టించిన చాయ్. నిండా పోశారు. కాసేపాగి ఒంపేశారు.

రంగు రాలేదు. వాసన మాత్రం వచ్చింది, పులిహోరలో పాయసం కలిపినట్టు.

రమీజా నాగప్ప మొహం చూసింది. అంతే, నవ్వు తన్నుకొచ్చింది. భయంతో చచ్చిపోతూనే పొట్ట పట్టుకుని నవ్వింది. నాగప్పయితే ఫ్రిజ్ పట్టుకుని వంగిపోయాడు. ఇంతలో అతని ఫోన్ మోగింది.

"సినిమా ఐపోయింది. యల్లా నాగప్పా, యల్లా, తొందరగా రా!" అంది ఆంజనమ్మ గొంతు.

వచ్చిన మనిషి భుజాన సంచీ అయినా దించకుండా తిన్నగా కూజా దగ్గరికే వెళ్ళింది. మూత తీసింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"నేనే," అంది రమీజా చున్నీ కొస నలుపుతూ. "చింతపండుతో తోమాను. మీరు సంతోషిస్తారని..."

ఆంజనమ్మ పెదాలు అదిరాయి. రమీజా గట్టిగా కళ్ళు మూసుకుంది.

పకపకమని నవ్వు వినిపించింది. కళ్ళు తెరిస్తే ఆంజనమ్మ కుర్చీలో కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"కరక్ పోసినారా దీంట్లో! ఆ జపానమ్మ సూసింటే ఆడికాడికే పడిపోయేది గదమ్మా!" నవ్వాగాక వేలు చూపించింది. "మరక మళ్ళా పట్టేదాకా రోజూ పొద్దున్నే ఈ కూజాలో టీ నువ్వే కాయాల. తాగేది నేను."

"కాస్తాను! రోజూ కాస్తాను!" రమీజాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వేసింది కూడా.

మర్నాడు పొద్దున సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆంజనమ్మ మొదటి గుక్క తాగి, ఫరవాలేదన్నట్టు తలూపిన తర్వాతే, హమ్మయ్య అనుకుని, స్టెతస్కోపు మెడలో వేసుకుని ఆసుపత్రికి బయలుదేరింది ఆ ఇంటి యజమానురాలు, వంటమనిషి ఆంజనమ్మకు నెలనెలా జీతమిచ్చే డాక్టర్ రమీజా.