ఎదుటి పక్షం

బడిలో వాదన పోటీకి తీసిన చీటీ విప్పి, గుసగుస రెండుసార్లు చదువుకుంది. ‘యుద్ధంలో డ్రోన్లు వాడటం న్యాయమే’ అని వాదించాలట.

గుసగుస ఆమె అసలు పేరు కాదు. క్లాసులో పాఠం చదివితే ముందు బెంచీకి కూడా వినపడదని తోటిపిల్లలు పెట్టిన పేరు. పోయిన ఏడాది పోటీలో స్టేజీ ఎక్కి, నోరు పెగలక, అలాగే దిగి వచ్చేసింది. ‘‘ఈసారీ అలా గుడ్లప్పగించి నిలబడ్డావంటే ఇక నీ పేరు పంపను’’ అని టీచర్ ముందే చెప్పేసింది.

ఇంటికొచ్చి బ్యాగు మంచం మీద పడేసి, ఏడుపు మొహం పెట్టింది.

‘‘దానికెందుకే ఏడుపు? ఎదుటి పక్షం నేను మాట్లాడతా. నన్ను ఓడించు చూద్దాం’’ అన్నాడు నాన్న.

నాన్నకి తీరిక దొరికింది మరి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందని, సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్నాడు.

‘‘అదే మంచిది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే బదులు ఆ నోటికైనా పని చెప్పండి’’ అంది అమ్మ, బట్టలు మడతపెడుతూ.

ఆ సాయంత్రమే మొదలుపెట్టారు.

‘‘పైనుంచి చూస్తే మనుషులంతా చీమలే కదా. ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?’’ అన్నాడు నాన్న.

‘‘రోజుల తరబడి చూస్తారు నాన్నా. ఎప్పుడు లేస్తాడు, ఎటు పోతాడు, ఇంటికి ఎవరొస్తారు, అన్నీ చూశాకే.’’

‘‘అన్నాళ్లు చూస్తే ఆ మనిషి అలవాటైపోడూ?’’

‘‘అయితే? దొంగ ఇంటి ముందు కాపలా కాసే పోలీసుకి దొంగ అలవాటు కాడా? వదిలేస్తాడా?’’

అమ్మ పకపకా నవ్వింది. ‘‘తగిలిందండీ మీకు దెబ్బ!’’

నాన్న నవ్వలేదు. ఆయన వేషం కడితే అంతే, అందులోంచి బయటికి రాడు. గుసగుస చిన్నప్పుడు దొంగాట ఆడినా, దొరికిపోతే నిజంగానే బిక్కమొహం వేసేవాడు.

‘‘సరే. ఆ మనిషి పొద్దున్నే గుమ్మంలో కూర్చుని కూతురికి జడ వేస్తున్నాడనుకో.’’

‘‘పాప లోపలికి వెళ్లేదాకా ఆగుతారు.’’

‘‘ఆగారు. వెళ్లింది. బటన్ నొక్కేశారు. బాంబు కిందికి వచ్చేలోపు, రిబ్బను పడిపోయిందని పాప మళ్లీ పరిగెత్తుకొచ్చింది. అప్పుడు?’’

గుసగుస నోట్సు పేజీలు తిరగేసింది.

‘‘చెప్పు.’’ నాన్న గొంతు పెరిగింది. ‘‘చెప్పవేం?’’

‘‘పిల్లదాన్ని ఎందుకలా హడలగొడతారు? ఉత్తుత్తి పోటీకి ఇంత రాద్ధాంతమా!’’ అమ్మ కసిరింది.

రోజూ అక్కడికే వచ్చి ఆగిపోయేది. నాన్న ప్రశ్న మార్చడు, ఆమెకి జవాబు తట్టదు. ఎదుటి జట్టు కూడా ఇదే అడిగితే తన పని అయిపోయినట్టే. అన్నం ముందు కూర్చున్నా, స్నానం చేస్తున్నా ఆ పాపే కళ్లముందు మెదిలేది.

పోటీ రోజు హాలు నిండిపోయింది. నాన్న వెనక వరసలో కూర్చున్నాడు. ఎదుటి జట్టు అబ్బాయి సరిగ్గా అక్కడే కొట్టాడు.

‘‘పసిపిల్లలు చచ్చిపోతే ఆ పాపం ఎవరిది?’’

గుసగుస నాన్న వైపు చూసింది. ఆయన ముందుకు వంగి చూస్తున్నాడు.

‘‘పిల్లల్ని పక్కన పెట్టుకుని యుద్ధం చేసేవాడిది. నొక్కినవాడిది కాదు.’’ తన గొంతు హాలు గోడకి తగిలి తిరిగి రావడం మొదటిసారి వింది. ‘‘అయినా అతనికి బాధగానే ఉంటుంది. ఉండాలి కూడా. కానీ బాధపడి అతను లేచిపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. పాప లోపలికి వెళ్లేదాకా ఆగడం కూడా తెలియనివాడు వచ్చి కూర్చుంటాడు. అందుకే, బాధపడేవాడే అక్కడ ఉండాలి!’’

హాలంతా చప్పట్లు. టీచర్ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. మొదటి బహుమతి.

నాన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చున్నాడు. సంతోషం పట్టలేకపోయాడు కాబోలు అనుకుంది.

ఇంటికి నడుస్తూ అడిగాడు. ‘‘ఆ చివర అన్నది ఎక్కడైనా చదివావా?’’

‘‘లేదు నాన్నా, నాకే తట్టింది.’’

‘‘నిజంగా నమ్మే అన్నావా?’’

గుసగుసకి నవ్వొచ్చింది. చీటీలో ఏది వస్తే దాన్ని మాట్లాడటమే తప్ప నమ్మకం సంగతి ఎవరు చూస్తారు? కానీ కప్పు చేతిలో మెరుస్తోంది. నాన్న ఎంతో ఆశగా చూస్తున్నాడు.

‘‘నమ్మకపోతే గెలుస్తానా ఏంటి?’’ అంది.

నాన్న ఆమె తల నిమిరాడు. ‘‘ఓడించేశావు తల్లీ నన్ను’’ అన్నాడు.

మర్నాడు పొద్దున నాన్న సెలవు రద్దు చేసుకుని, ఆ పాప రిబ్బను కోసం గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చిన రోజున తను లేచి వచ్చేసిన డ్రోన్లు నడిపే గదిలోకి వెళ్లి, తన కుర్చీలో మళ్లీ కూర్చున్నాడు.