పేరు కింద ఒక్క మాట

ఎనభై ఆరు నాటి గోదారి వరదను మరిపించే వరద వచ్చిన ఏడాది అది. లంకల్లో కిటికీల దాకా నీరు నిలిచింది. ఆ నీరు తీసిన నెలన్నరకు, దానం మనవరాలి రిపోర్టు కోసం అమలాపురం వచ్చాడు.

మనవరాలు లిడియా. ఇంటర్ అయింది. వరదకు ముందు, జూన్‌లో, విశాఖపట్నం నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చి కమ్యూనిటీ హాల్లో పిల్లలకు సైకోమెట్రిక్ పరీక్ష పెట్టారు. నూట ఎనభై ప్రశ్నలు. పాసూ ఫెయిలూ ఉండవు. ఎవరి మనసు ఎటు పోతుందో, ఎవరు ఏ ఉద్యోగానికి సరిపోతారో చెబుతుందట. లిడియా పడవ మీద గోదారి దాటి వెళ్ళి రాసి వచ్చింది. ఎలా రాశావని దానం అడగలేదు. ఆమె చెప్పలేదు. తాతా మనవరాళ్ళిద్దరికీ మాటలు తక్కువ.

రిపోర్టులు ఇస్తున్నామని ఇంటికి ఫోను వచ్చింది. కొడుకూ కోడలూ అదెందుకన్నారు. వాదించడం దానానికి రాదు. పరీక్ష చీటీ జేబులో పెట్టుకుని, చెప్పకుండా బయలుదేరాడు.

హాల్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. పక్క కుర్చీలో అంబాజీపేట నుంచి వచ్చిన లక్ష్మీతులసి అనే ఆవిడ కూర్చుంది. వాళ్ళమ్మాయి ప్రతి ప్రశ్నకూ ‘ఏమో’ అన్న దగ్గరే టిక్కు పెట్టి వచ్చిందట. ఏమో అనే ఉద్యోగం ఒకటుంటే అది మా పిల్లదేనండి, అని తనే నవ్వింది. తర్వాత ఇటు తిరిగి, దానం చేతిలోని చీటీ మీద పేరు చూసింది.

"మనవరాల్ని తీసుకురాలేదా బాబాయిగారూ?"

"రాలేదమ్మా."

"ఈ పిల్లలంతేనండి. లైన్లో నిలబడ్డానికి మనం."

దానం తల ఊపాడు.

అతని వంతు వచ్చింది. బల్ల వెనక కౌన్సెలర్ కృష్ణమోహన్‌కు ముప్పై కూడా నిండి ఉండవు. రిపోర్టు పిల్లల ముందే వివరించాలని, ఇంకో రోజు అమ్మాయిని తీసుకురమ్మని చెప్పాడు.

"రేపటికి కావాలండి," అన్నాడు దానం.

కాలేజీ సీటుకు గడువేమో అనుకున్నాడు కృష్ణమోహన్. పొద్దుటి నుంచి అలాంటి తొందరలే చూస్తున్నాడు. ఇక ఏమీ అనకుండా ఫైలు తీశాడు.

పన్నెండు పేజీలు. రంగు గీతలు, సున్నాలు, అంకెలు. దానం చదివింది మూడో తరగతి. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుంటాడు. కృష్ణమోహన్ పేజీలు తిప్పుతూ చెప్పుకుపోయాడు. పిల్లకు ఓపిక ఎక్కువట. నలుగురిలో నోరు విప్పదట. ఒక వస్తువును ఎటు తిప్పితే ఎలా కనబడుతుందో తలలోనే చూడగలదట. అందులో నూటికి తొంభై రెండు. ఈ హాల్లో రాసిన పిల్లల్లో ఇంకెవరికీ అంత రాలేదట.

దానం ఆ అంకె మీద వేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

చివరి పేజీలో ఒక ప్రశ్న ఉంది. పదేళ్ళ తర్వాత నువ్వు ఏమై ఉంటావు? దాని కింద గీత. గీత మీద ఏమీ లేదు.

"ఇది రాయలేదేండి?"

"టైమ్ చాలలేదేమోనండి. చాలామంది వదిలేసేరు."

"మరి ఏవవుతుందండి?"

మూడు దారులు కనబడుతున్నాయన్నాడు కృష్ణమోహన్. ఆర్కిటెక్ట్, ఇంజినీర్, లెక్కల లెక్చరర్. ఎనభై ఒకటి, ఎనభై, ఎనభై. తేడా లేనట్టే.

"ఒకటి చెప్పండి."

"ఇదే అవ్వాలని మేం చెప్పకూడదు తాతగారూ. మీ మనవరాలినే అడగండి, తనకేది ఇష్టమో."

దానం ఆ ఖాళీ గీత వైపు చూశాడు. పదిహేడేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఆ మాట ఒక్కసారీ అడగలేదు.

"మా వాళ్ళందరికీ పేరు కింద ఏదో ఒకటి ఉందండి," అన్నాడు చివరికి. "మా తమ్ముడికి హెడ్మాస్టరని. మా చెల్లికి నర్సని. ఈ పిల్లకి ఖాళీగా వదల్లేనండి."

"తొందరేముందండి? ఈ వయసులో పిల్లలు రోజుకో మాట మారుస్తారు."

"మార్చదండి."

ఈ మొండితనం కృష్ణమోహన్‌కు కొత్త కాదు. పెద్దవాళ్ళ కోరికలు పిల్లల మీద రుద్దకూడదని నెమ్మదిగానే చెప్పాడు. వెనక లైను కదలడం లేదు. ఆ పెద్దాయనకి డాక్టరని చెప్పి పంపించేయండి బాబూ, అని ఎవరో విసుక్కున్నారు. నలుగురు నవ్వారు.

దానం లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఆ కుర్రాడి కాళ్ళ మీదికి వంగబోయాడు.

కృష్ణమోహన్ గాభరాగా లేచి భుజాలు పట్టుకున్నాడు. హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

"ఆర్కిటెక్టండి," అన్నాడు. "ఒక్క మార్కే అయినా అదే ఎక్కువ. మీరు కూర్చోండి."

"అంటే ఏం పనండి?"

"ఇల్లు కట్టకముందే, అది ఎలా ఉంటుందో గీసి చూపిస్తారండి."

"ఆయ్," అన్నాడు దానం. "రాసివ్వండి బాబుగారూ. తెలుగులో, పెద్ద అక్షరాలండి. ఒక్క పొల్లు కూడా తప్పు పోకూడదండి."

కృష్ణమోహన్ తెల్లకాగితం మీద రాసిచ్చాడు. తప్పు పోయినా దిద్దుకోవచ్చులెండి, అని తేలిక చెయ్యబోయాడు. దానం రిపోర్టు సంచిలో వేసుకున్నాడు. ఆ కాగితాన్ని మాత్రం మడవలేదు. బస్సులోనూ, పడవలోనూ, రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే అతను సమాధుల తోటకు వెళ్ళి, రాయి చెక్కే దుర్గారావు పక్కన చతికిలబడి, లిడియా పేరు కింద ఆ మాటను అక్షరం అక్షరం చూపిస్తూ చెక్కించాడు.