ఇటుక మీద 'ప'

"ఈ ఇంట్లో గొప్పవాళ్ళెవరైనా ఉండేవారా? లేకపోతే సోమవారం పడగొట్టేస్తాం," అన్నాడు ఇంజనీరు, ఫైలు తెరుస్తూ.

చరిత్ర మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఈ ఎర్ర ఇటుకల మేడ గురించి పన్నెండేళ్ళు పాత కాగితాలు తవ్వి ఓ పుస్తకం రాశాడాయన. అచ్చు వేయించిందీ ఆయనే, కొన్నదీ ఆయనే, చదివిందీ ఆయనొక్కడే.

"పెళ్ళామంటే ప్రాణం పెట్టే మనిషి ఉండేవాడండీ. ప్రతి ఇటుక మీదా 'ప' అని ఉంది, చూడండి. కట్టించినాయన భార్య పేరులో మొదటి అక్షరం అది."

"ఆవిడ పేరేంటి?"

"అది తెలీదు. 'ప'తో మొదలవుతుందని మాత్రం తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఇటుకల మీద ఉంది కదండీ."

పైకి అనేశాక ఆ వాదన ఎంత డొల్లో మాస్టారికే తెలిసిపోయింది. పుస్తకంలో దాన్ని నలభై పేజీలు సాగదీశాడు కాబట్టి అక్కడ బయటపడలేదు. ఇంజనీరు పెన్ను తీశాడు.

గోడలు చూపించడానికి వచ్చిన ముసలి మేస్త్రి అప్పుడు కలగజేసుకున్నాడు.

"ప అంటే పచ్చి అండి. బట్టీలో సరిగ్గా కాలని ఇటుకల గుర్తు. ఇక్కడ అన్నీ అవే. లెక్కప్రకారం ఈ మేడ ఎప్పుడో కూలాలి. కానీ ఒక్క దూలం లేకుండా ఇరవై అడుగుల కమాను ఎలా నిలబడిందో చూడండి. ఏం కిటుకో నాకూ అంతుపట్టలేదు. పడగొడితే అదీ మట్టిలో కలిసిపోద్ది."

ఇంజనీరు కమాను కింద నిలబడి తలెత్తి చాలాసేపు చూశాడు. ఫైల్లో 'కూల్చరాదు. పరిశీలించాలి' అని రాసుకుని వెళ్ళిపోయాడు.

మాస్టారికి ఎంత సంతోషమో అంత సిగ్గు.

"నా అంత చదువుకున్న మొద్దు ఇంకొకడుండడు మేస్త్రీ. పనికిరాని ఇటుకల్ని పట్టుకుని ప్రేమలేఖలనుకున్నాను."

మాస్టారు గోడ మీది అక్షరాన్ని వేలితో తడిమాడు. అది మట్టిలోకి లోతుగా దిగి ఉంది.

"ఒక్క సందేహం. ఈ అచ్చు తడి మట్టి మీద వేసింది కదా. ఇంకా బట్టీలో పెట్టని ఇటుక సరిగ్గా కాలదని ముందే ఎలా తెలిసింది?"

మేస్త్రి గేటు వైపు చూశాడు. ఇంజనీరు జీపు మలుపు తిరిగింది.

"ఎలా తెలుస్తుందండీ? అది పచ్చి అబద్ధం."